తుపాకిని కళ్ళకద్దుకోబోయి తిట్లు తిన్న శనివారం

నా పేరు గంగులమ్మ. వయసు డెబ్బై రెండు. ఆధార్ కార్డులో డెబ్బై అని ఉండాది, ఆ రెండేళ్ళు గవర్నమెంటు నాకు ఉచితంగా ఇచ్చింది. ఉండేది ఆనేకల్‌లో, కూతురు సుశీల, అల్లుడు మునిరాజు ఇంట్లో. మనవరాలు హరిత కుందలహళ్ళిలో రూము తీసుకుని కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తుంది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే హరిత రాస్తోంది. నా మాటను కాస్త దిద్ది రాస్తానంది. దిద్దుకో, నా వాదన మాత్రం పలచన చెయ్యొద్దు అన్నాను. ఆ వాదన ఇదీ: కొత్తవాళ్ళకు రైఫిల్ గురి నేర్పే శనాదివారాల శిబిరానికి నాలాంటి ముసలిది పక్కన కూర్చుని చూడడానికి కాదు, నేర్చుకోవడానికే పోవచ్చు. శిబిరం వచ్చే శనివారం. దానికి ముందు జరిగిన సన్నాహం తరగతికి నేను ఎలా పోయానో, అక్కడ ఏం తప్పు చేశానో దాచకుండా చెబుతాను. మీలో ఎవరైనా పోదామనుకుంటే పనికొస్తుంది.

ఇదంతా మొదలైంది హరిత ఫోనులో. రెండు నెలల కింద ఒక పోటీ చూపించింది. ఒక పిల్ల రైఫిల్ ఎత్తి నిలబడింది. ఊపిరి పీల్చింది, వదిలింది, మళ్ళీ పీల్చకముందు ఉండే ఆ చిన్న ఖాళీలో వేలు మెల్లగా నొక్కింది. అది చూసి నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే ఆ ఖాళీ నాకు తెలుసు. నలభై ఏళ్ళు నేను చేసింది పడుగు అతికే పని. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు, దాని ఒక్కొక్క పోగుకూ కొత్త పోగు చేర్చి వేళ్ళ మధ్య మెలిపెట్టాలి. వేళ్ళకు బూడిద రాసుకుంటాం. పట్టు పోగు ఊపిరికి కూడా ఎగిరిపోతుంది కాబట్టి ఊపిరి వదిలాకే మెలి తిప్పాలి. ఇప్పుడు మా వీధిలో అన్నీ కరెంటు మగ్గాలే. నా కంట్లో శుక్లాలు తీయించాక చూపు బాగైంది, పనే లేదు. కన్నూ చెయ్యీ ఇంకా నా మాట వింటాయో లేదో తెలుసుకోవాలని ఉండేది. అది తెలుసుకునే చోటు అదేననిపించింది.

హరిత తనకోసం ఆ శిబిరానికి ఫోను చేస్తుంటే, నా పేరు కూడా రాయమను అన్నాను. అవతలాయన మర్యాదగానే నవ్వాడట. "పెద్దవాళ్ళకు కుర్చీలు వేస్తాం మేడమ్, చూడొచ్చు" అన్నాడట. కుర్చీ మా ఇంట్లో లేదా? నేనే ఫోను లాక్కుని అడిగితే చివరికి చెప్పాడు: అరవై ఐదు దాటినవాళ్ళను చేర్చుకోవాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. వారం ముందు జరిగే సన్నాహం తరగతిలో ఆమె స్వయంగా చూసి సరేనంటేనే సీటు. ఆ ఒక్క రోజే నాకు అవకాశం. మునిరాజు అన్నం తింటూ, "ఎవర్ని కాల్చాలని అత్తా ఇంత ఆరాటం?" అన్నాడు. "మొదట నిన్నే అనుకున్నానప్పా, గురి తప్పి కుక్కర్‌కు తగులుతాదని నేర్చుకోను పోతాండా" అన్నాను. సుశీల పొలమారి నీళ్ళు తాగింది.

సన్నాహం మీకు కూడా కావాలి కాబట్టి చెబుతున్నా. ఆధార్ నకలు, రెండు ఫోటోలు, డాక్టరు దగ్గర ఒంట్లో బాగుందని ఒక చీటీ, కళ్ళ పరీక్ష కాగితం. అక్కడ వాడేది గాలితో పేలే రైఫిల్, వాళ్ళే ఇస్తారు. చదునైన అడుగున్న బూట్లు తప్పనిసరి. హరిత పాత గుడ్డ బూట్లు నాకు సరిగ్గా సరిపోయాయి. గాజులు, వేలాడే గొలుసులు వద్దన్నారు. నేను పనిలో కట్టుకున్నట్టే గోచి పోసి చీర కట్టి, పైట నడుముకు బిగించాను. చేతికి బలం రావాలని మొదటి వారం మిద్దె మీద రోకలి ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. పక్కింటావిడ దొంగ పడ్డాడేమోనని కేకపెట్టింది. రోకలి వద్దు, లీటరు నీళ్ళ సీసా చాలు. ఒక నిమిషం పట్టుకో, రెండు నిమిషాలు దించు. పది రోజులకే తేడా తెలుస్తుంది.

సన్నాహం తరగతి రోజు, శనివారం పొద్దున ఐదున్నరకు ఆనేకల్ బస్టాండులో ఎక్కాను. ఆ వేళకు సిల్క్‌బోర్డు కూడలి గంటంబావులో వచ్చేస్తుంది, ఏడు దాటి బయలుదేరితే రెండు గంటలు రాసిపెట్టుకోండి. మామూలు సిటీ బస్సులో ఆడవాళ్ళకు ఉచితమే, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు చింపి ఇస్తారు. ఏసీ బస్సులో అది చెల్లదు. సిల్క్‌బోర్డులో మారతహళ్ళి మీదుగా పోయే బస్సు మారి కుందలహళ్ళి గేటులో దిగేసరికి ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. హరిత అక్కడే నిలబడి ఉంది. పక్కన చిన్న హోటల్లో పళ్ళెమంత తట్టె ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ తొంభై రూపాయలు. పెనం దగ్గరావిడది ధర్మవరం. "కాఫీ ఇయ్యనా అవ్వా?" అంది. వద్దన్నాను. కాఫీ తాగితే చెయ్యి వణుకుతుంది, పొద్దున తాగి రావొద్దని వాళ్ళు ముందే చెప్పారు. "కాఫీ మానినావంటే ఏదో పెద్ద మొక్కే" అంది ఆవిడ. "మొక్కు కాదమ్మా, తుపాకి" అన్నాను. ఆవిడ అట్లకాడ పైకెత్తి నన్ను కింద నుంచి పై దాకా చూసి, ఇంకో ఇడ్లీ ఊరికే వేసింది.

శిబిరం వైట్‌ఫీల్డ్ దాటి హొసకోటె వైపు, బస్సు దిగి చాలా నడవాలి. అందుకే ఆటో మాట్లాడాం, రెండు వందల అరవై. డ్రైవరు రెడ్డెప్ప, మదనపల్లె మనిషి. ఎక్కడికో తెలిసినాక అద్దంలో నన్ను చూస్తూనే ఉన్నాడు. "అవ్వా, మా ఆవిడకు చెప్పొద్దు ఇట్లాంటి చోటు ఉండాదని" అన్నాడు. "నువ్వేం చేసినావో ముందు అది చెప్పు" అన్నాను. నవ్వి, మలుపులో గుంతను చూడనేలేదు. నా నడుముకు తెలిసింది.

రేకుల కప్పుతో పొడుగాటి షెడ్డు. లోపల ఒక చివర టార్గెట్లు, ఈ చివర బెంచీలు, బెంచీల ముందు నేల మీద ఎర్ర గీత. మాతో కలిపి పదకొండు మంది, నేను తప్ప అందరూ ముప్పై లోపువాళ్ళే. కోచ్ పేరు శైలజ. నలభై ఉంటుంది, కుప్పం వైపు పుట్టి కోలారులో చదివిందట, మాటలో తెలుగూ కన్నడా కలిసి ఉంటాయి. గొంతు పెద్దది కాదు. కానీ ఆమె మాట్లాడితే ఆ షెడ్డులో ఫ్యాను కూడా మెల్లగా తిరిగినట్టుంటుంది. అందరికీ నియమాల కాగితం పంచింది. నాకు చదువు రాదని ముందే చెప్పేశాను. ఆమె ఏమీ అనుకోకుండా నా పక్కన కూర్చుని ఒక్కసారి నోటితో చెప్పింది: తుపాకి మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. ఖాళీ తుపాకి అని ఎవరు చెప్పినా నమ్మకూడదు. ఆపమంటే ఆపి, బెంచీ మీద పెట్టి వెనక్కి జరగాలి. ఎర్ర గీత దాటకూడదు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగితే పిల్లలు కాగితం వంక చూస్తూ చెప్పారు. నేను వరసగా చెప్పి, కిందనుంచి పైకి కూడా చెప్పాను. "అజ్జీ, మీరే ఫస్టు" అంది. అజ్జి అంటే కన్నడలో అవ్వ. నాకు కొమ్ములు మొలిచాయి.

ఆ కొమ్ములు ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. నా వంతు వచ్చింది. బెంచీ మీద రైఫిల్, మూతి టార్గెట్ వైపు, ఖాళీ అని తెలిసేట్టు గుండు పెట్టే చోట నారింజ రంగు పుల్ల. "తీసుకోండి అజ్జీ" అంది. నేను రెండు చేతులతో ఎత్తాను. ఎత్తగానే, ఆలోచించింది లేదు, తల వంచి దాన్ని కళ్ళకద్దుకోబోయాను. మా ఇంట్లో మగ్గంలో పోగు నడిపే నాడె పట్టినా, కత్తెర పట్టినా, పొద్దున మొదటిసారి ముట్టేటప్పుడు కళ్ళకద్దుకుని కానీ పని మొదలుపెట్టం. చెయ్యి దానంతట అదే పైకి పోయింది. తుపాకి పక్కకు తిరిగింది. మూతి నేరుగా హరిత వైపు.

"కింద పెట్టు!"

ఆ కేకకు షెడ్డంతా బిగుసుకుపోయింది. శైలజ చెయ్యి అప్పటికే తుపాకి మీద ఉంది, మూతిని టార్గెట్ వైపు నెట్టేసింది. తీసుకుని బెంచీ మీద పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఐదు నియమాలు తల్లకిందులుగా చెప్పినావు. మొదటిది చేతిలో లేదు. నోట్లో ఉంటే నాకేం లాభం? వెనక్కి పో, కూర్చో" అంది. అజ్జీ లేదు, మీరు లేదు. ఎవరో ఒక కుర్రాడు, "పాపం పెద్దావిడ మేడమ్, ఖాళీదే కదా" అన్నాడు. "ఖాళీ అన్నవాడు కూడా వెనక్కి పోయి కూర్చో" అంది. వాడూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

కోపం వచ్చింది. రాకుండా ఎట్లుంటుంది? నా కూతురు వయసు దానిచేత మాట పడ్డాను. చెప్పులు, అదే బూట్లు, విడిచి ఇంటికి పోదామనుకున్నాను. కానీ హరిత ముఖం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. నవ్వి సర్దుకుపోవాలని చూస్తోంది కానీ పెదవి నిలవడం లేదు. అప్పుడు నా కోపం ఎటుపోయిందో. భక్తితోనే చేశాను, నిజమే. ఆ భక్తిలో నా మనవరాలి మీదికే తుపాకి తిప్పాను, అదీ నిజమే.

రెండు గంటలు అక్కడే కూర్చుని ఆమె పని చూశాను. చూడదగ్గ పని. అందరి చేతులూ ఒకేసారి చూస్తుంది. ఒకమ్మాయి భుజం మీద రెండు వేళ్ళు పెట్టి ఊరికే నిలబడితే ఆ భుజం దిగిపోతుంది. ఒక పిల్లాడు పళ్ళు బిగబట్టి నొక్కుతుంటే, "దవడ వదులు, వేలుకు పళ్ళు లేవు" అంటుంది. తప్పు చేసినవాణ్ణి రెండోసారి తిట్టదు, మళ్ళీ మొదటినుంచి చేయిస్తుంది. మా కాలంలో పడుగు అతకడం నేర్పిన మా అత్త కూడా ఇంత ఓర్పుగా నేర్పలేదు. ఆవిడ చేతి మీద కొట్టేది.

మధ్యాహ్నం అందరూ పెరుగన్నం డబ్బాలు విప్పారు. శైలజ ఒక్కతే బెంచీలు తుడుస్తుంటే గీత వెనక నిలబడ్డాను. "అమ్మా, నువ్వు కేకేసింది న్యాయమే. ఎందుకట్ల చేసినానో చెప్పేదా? సాకు కాదు" అన్నాను. చెప్పమంది. నాడె సంగతి చెప్పాను. గుడ్డ పక్కన పెట్టి వింది.

"మా నాయన ట్రాక్టరు స్టార్ట్ చేసే ముందు స్టీరింగు ముట్టి కళ్ళకద్దుకునేవాడు" అంది. "కానీ అజ్జీ, ట్రాక్టరుకు మూతి లేదు."

"అయితే ఎట్ల చేద్దాం? దండం పెట్టకుండా నా చెయ్యి కదలదు. పెడితే నీ నియమం పోతాది."

"తుపాకి బెంచీ మీద ఉన్నప్పుడు, మీరు గీత వెనక నుంచి, చేతులు జోడించండి. తుపాకి దగ్గరికి మీరు పోవాలి, మీ కళ్ళ దగ్గరికి అది రాకూడదు. ఇంకోసారి తిప్పితే ఫారం చింపేస్తా."

"చింపాల్సి వస్తే నాకియ్యి, నేనే చింపుకుంటా" అన్నాను.

తిండి అయ్యాక అందరి ముందూ మళ్ళీ పిలిచింది. గీత వెనక నిలబడి దండం పెట్టాను. ఎవరూ నవ్వలేదు. కూర్చుని, స్టాండు మీద ఆనించిన రైఫిల్ భుజానికి చేర్చుకున్నాను. గుండు లేదు. గొట్టం మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టింది. బిళ్ళ పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి, పది సార్లు. మొదటి నాలుగు సార్లూ పడింది. పోగు మెలిపెట్టే అలవాటుతో వేలును పక్కకు తిప్పుతున్నాను. "తిప్పొద్దు, నేరుగా వెనక్కి" అంది. ఊపిరి వదిలాను. ఆ ఖాళీ వచ్చింది. దానిలో వేలు ఒక్కటే కదిలింది. బిళ్ళ ఉంది. మళ్ళీ. ఉంది. తర్వాత ఒక్కసారి పడింది, మిగతావన్నీ నిలిచాయి. మోచేతులు మాత్రం సాయంత్రం దాకా వణికాయి, అబద్ధం చెప్పను. శైలజ నా ఫారం తీసుకుని 'ప్రేక్షకులు' అన్న చోట గీత కొట్టి, పక్కన ఏదో రాసింది. చదువు రాకపోయినా హరిత ముఖం చూసి ఏం రాసిందో తెలిసిపోయింది. ఎవరికీ వినపడకుండా, "నిలబడి కాల్చనివ్వను, కూర్చునే. సరేనా?" అంది శైలజ. సరేనన్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అదే తలుచుకున్నాను. పదేళ్ళుగా నేను ఏం చేసినా ఎవరూ తిట్టడం లేదు. ఉప్పు ఎక్కువేసినా పర్వాలేదమ్మా, గ్యాసు ఆపడం మరిచినా పోనీలే అత్తా. అది ప్రేమే, కాదనను. కానీ నా చేతిని ఎవరూ లెక్కచెయ్యడం లేదని కూడా దాని అర్థం. శైలజ ఇరవై ఏళ్ళ కుర్రదాన్ని కసిరినట్టు నన్ను కసిరింది, తర్వాత ఆ కుర్రదానికి నేర్పినట్టే నాకూ నేర్పింది. ఆ కేక నాకు శాలువా కప్పినట్టు ఉంది. పోవాలనుకునేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: చదువు రాకపోతే దాచకండి, నియమాలు నోటితో చెప్పమని అడగండి. చెప్పాక నోటితో అప్పజెప్పి ఊరుకోకండి. ఖాళీ బెంచీ ముందు ఉత్త చేతులతో పదిసార్లు చేసి చూపించి, అప్పుడు తుపాకి అడగండి.

పైన చెప్పిందంతా నా మాటే, హరిత చదివి వినిపిస్తే విని ఒప్పుకున్నాను.

గంగులమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర
సాక్షులు: రాసింది హరిత, విన్నది సుశీల