ఝాన్సీలక్ష్మి తీసేయించిన పాట

ఝాన్సీలక్ష్మి టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేది. 2006లో ఉద్దానం ప్రాంతపు ఆడవాళ్ల పాటలు రికార్డు చేసి, ఎవరైనా నెట్లో వినేలా పెట్టే పని ఆమె నెత్తిన పడింది. గ్రాంటు ఢిల్లీలోని ఒక సంస్థ నుంచి వచ్చింది. పాటలు సేకరించి రాయించడం ఆమె వంతు, వెబ్‌సైటు విశాఖపట్నంలో ఉండే ఫణీంద్ర వంతు.

మొదట్లో చాలాకాలం ఫాంట్లకే పోయింది. టెక్కలిలో టైపు చేసిన తెలుగు అతని దగ్గర తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపించేది. ఫోన్లో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. చివరికి ఆమే ఒక ఆదివారం బస్సెక్కి విశాఖ వెళ్లి, అతని పక్కన కూర్చుని, ఒక్క పాటను రికార్డింగు దగ్గర్నుంచి సైటు దాకా చేయించి చూసింది. అంతా, ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయాలని తేలింది. చేయించింది.

సైటు సిద్ధమయ్యాక, పాడినవాళ్లకు చూపించందే తెరవనని పట్టుబట్టి ఫణీంద్రను, అతని లాప్‌టాప్‌ను సుమ్మాదేవి అనే ఊరికి తీసుకెళ్లింది. వరి ఊడుపు పాటలు వింటూ ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. తర్వాత వాళ్లలో గౌరమ్మ అనే ఆమె పెట్టిన శోకం, చావింటి ఏడుపు పాట, మొదలైంది. గౌరమ్మ లేచి నిలబడింది.

“ఇది అందరూ ఇంటారా మేడమ్మా?”

“ఎక్కడివాళ్లయినా వినొచ్చు గౌరమ్మా.”

“మా సెల్లి పోయినప్పుడు ఏడ్సిన ఏడుపిది. మీరడిగితే మీకు ఇనిపించినాను. ఊరోళ్లందరికీ ఏల? తీసీండి.”

బయటికొచ్చాక ఫణీంద్ర అన్నాడు. “మేడమ్, అన్నింట్లో బాగా వచ్చింది ఇదే. ఢిల్లీకి నమూనాగా పంపింది కూడా ఇదే. ఆవిడ ఒప్పుకునే కదా పాడింది?”

“రికార్డు చేసుకోవడానికి ఒప్పుకుంది. నెట్లో పెడతామని మనం అడగనే లేదు. తీసెయ్.”

అతను అయిష్టంగానే తీసేశాడు.

ఆ తర్వాత ఆమె ప్రతి పాటకూ, పాడినామె ఇంటికి వెళ్లి వినిపించి అడిగింది. చాలామంది సరేనన్నారు, కొందరు వద్దన్నారు. మూలపేటలో ఒకామె ఏ కారణమూ చెప్పకుండానే వద్దంది. అదీ తీసేయించింది. ఈ తిరుగుడులో గడువు దాటిపోయింది. ఆలస్యానికి కారణం రాసి పంపితే ఢిల్లీ వాళ్లు సరేనన్నారు గానీ, రెండో విడత పనిని మరో ఊరి కాలేజీకి ఇచ్చారు. ఆమెకు కష్టమనిపించింది. రెండో విడతలో చేద్దామని వాన తుంపర మీద కట్టిన పాటలు దాచి ఉంచుకుంది మరి.

వద్దన్నవాళ్ల పాటలు లేకుండానే సైటు మరుసటేడు తెరుచుకుంది. ఫణీంద్రే ఫోన్ చేసి చెప్పాడు.