నలుగురు కుర్రాళ్ల కామెడీ

మేము జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ వచ్చిన నెలకే లాక్‌డౌన్ పెట్టారు. పద్నాలుగేళ్ల మా అమ్మాయికి కొత్త స్కూల్లో ఒక్క స్నేహితురాలైనా దొరక్కముందే తరగతులు ఆన్‌లైన్‌కి మారిపోయాయి. ఖాళీ దొరికితే చాలు, గదిలో కూర్చుని ఒక బ్రిటిష్ కామెడీ సిరీస్ చూసేది. అందులో నలుగురు స్కూలు కుర్రాళ్లు ఏం చేయబోయినా నవ్వులపాలవుతుంటారు. ఒకరోజు వాళ్ల బూతులు విని విసుక్కున్నాను.

"ఏముందే ఇందులో? ఎప్పుడు చూసినా పరువు పోగొట్టుకోవడమేగా!"

"పోతే పోయింది మమ్మీ. నలుగురూ కలిసే ఉంటారుగా," అంది, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

పక్కన కూర్చుని నేనూ చూశాను.

కొన్నాళ్లకు ఆన్‌లైన్ క్లాసులో టీచర్, ఇంట్లో ఎలా కాలక్షేపం చేస్తున్నారని పిల్లల్ని అడిగింది. మా అమ్మాయి తడబడుతూ జర్మన్‌లో ఆ సిరీస్ పేరు చెప్పింది. "నేనూ చూస్తా!" అని ఒక జర్మన్ పిల్ల అరిచింది. ఆ సాయంత్రం నుంచే ఇద్దరూ వీడియో కాల్‌లో కలిసి చూడటం మొదలుపెట్టారు.

ఆంక్షలు సడలించాక ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఫోన్లో గంటలు గంటలు కబుర్లు చెప్పుకున్నవాళ్లు, గుమ్మం దగ్గర ఎదురుపడేసరికి నేలచూపులు చూస్తూ నిలబడిపోయారు. లోపలికి రమ్మన్నాను. ఇద్దరూ ఒకేసారి అడుగేసి, తలుపు దగ్గర ఢీకొని, పగలబడి నవ్వారు.