మట్టిబాంబు బేరం

ఆ రోజుల్లో నాకు రెండు విద్యలు వచ్చని గట్టి నమ్మకం. ఒకటి, ఆస్ట్రేలియా వచ్చి క్లేటన్‌లో ఫీజు కట్టి చదువుతున్న అకౌంటింగు. రెండోది, మా నాన్నగారి బట్టలకొట్టులో ఉచితంగా అబ్బిన బేరం. మొదటిదాని మీద మా లెక్చరర్లకు అనుమానాలుండేవి గానీ, రెండోదాని మీద మా అద్దె ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. పాత పరుపు కొనాలన్నా, సైకిలు కొనాలన్నా నన్నే వెంటబెట్టుకెళ్ళేవారు. నాది మా కొట్టు పద్ధతే. వస్తువు చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాలి, ఉన్న లోపాలన్నీ పైకి చదవాలి (లేనివి ఒకటో రెండో కలపాలి), ఆఖర్న ‘వద్దులెండి’ అని నాలుగడుగులు వేయాలి. వెనక్కి పిలుస్తారు. మా ఊళ్ళో పిలవని కొట్టువాణ్ణి నేను చూడలేదు.

మా వీధి చివర రిటైరైన తెలుగు ఇంజనీరు ఒకాయన ఉండేవారు. మేం ఆయన్ను గాజుబీరువా అంకుల్ అనేవాళ్ళం. గరాజులో బీరువాలుండేవి, కారు పాపం బయట వానలో తడిసేది. వాటి నిండా ఒకే రకం సరుకు: రెండో ప్రపంచయుద్ధం చివర్లో, శత్రువు ఒడ్డుకు దిగితే ఎదుర్కోమని జపాన్‌లో మామూలు జనానికి ఇచ్చిన సామాను. కొన చెక్కిన వెదురు బల్లెం, కవాతుకు చెక్క తుపాకీ, చేతికి కట్టుకునే గుడ్డ పట్టీలు. మొదటిసారి ఆ నేత చూసి నోరు ఊరుకోక, “ఇంత పలచటి గుడ్డ మా ఊళ్ళో మజ్జిగ వడగట్టడానికి కూడా కొనరు అంకుల్” అన్నాను.

“అదేనయ్యా దాని కథ. మంచి గుడ్డంతా అయిపోయాక మిగిలింది ఇది. ముసలాళ్ళకీ బడిపిల్లలకీ కట్టి నిలబడమన్నారు. మెరిసే కత్తులు ఎవడైనా కలెక్ట్ చేస్తాడు. ఇవి కూడా ఎవరో ఒకరు దాచాలి కదా.”

“మన ఇంటి మీదికి ఎవరొచ్చినా ఫియర్ లేదు బాబూ, మీ అంకుల్ దగ్గర వెదురుకర్ర ఉంది” అంది ఆంటీ, కాఫీ అందిస్తూ.

మధ్య బీరువాలో నీలం గుడ్డ మీద ఒక చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీ. అది మట్టి గ్రెనేడుది. ఇనుము కరువై, కప్పులూ కుండలూ కాల్చే బట్టీల్లోనే బాంబుల ఒళ్ళు కాల్చారట. చూడ్డానికి మెడ ఉన్న బత్తాయిపండంత కుండ. దానికోసం అంకుల్ ఏళ్ళుగా తిరుగుతున్నారు. వచ్చే ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఆయన సామాను ప్రదర్శన, బీరువాలతో సహా. సరిగ్గా ఆ ముందు వారాంతంలో, ఒక కార్ పార్కులో జరిగే పాత సామాన్ల సంతలో అది అంకుల్‌కు దూరం నుంచి కనపడింది.

“నేనెళ్తే పని చెడుతుందయ్యా. నా ఫేస్ చూడగానే రేటు పెంచేస్తాడు. నువ్వెళ్ళు, నేను కార్లో కూర్చుంటా” అన్నారు అంకుల్, రహస్యంగా.

పెద్ద గొడుగు కింద ఒక ఆస్ట్రేలియా తాత కూర్చున్నాడు. పాత రేడియో పక్కన ధర చీటీతో మట్టిబాంబు. లోపలేమీ లేని ఉత్త కుండేనని, పువ్వులు పెట్టుకోవచ్చని తాతే చెప్పాడు. నేను చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాను.

“అడుగు వంకర. ఒరిగిపోతోంది.”

“అవునా?” తాత కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“పూత సగమే ఉంది. మెడ దగ్గర పనివాడి వేలిముద్ర కూడా అలాగే కాలిపోయింది. ఒట్టి హడావుడి పని.”

“వేలిముద్రా! ఏదీ, ఎక్కడ?”

శ్రద్ధగా చూపించాను (ఆ శ్రద్ధ ఆడిటింగ్ పేపర్లో చూపించి ఉంటే గట్టెక్కేవాణ్ణి). తాత మొహం గొడుగు కింద దీపంలా వెలిగింది. “ఎవడో ఇది ఈమధ్య చేసిన నకిలీ అన్నాడు. నకిలీ చేసేవాడు ఇంత అధ్వాన్నంగా ఎందుకు చేస్తాడు? థాంక్యూ మేట్!” అని ధర చీటీ పీకి జేబులో వేసుకున్నాడు.

ఇక ఆఖరి అస్త్రం. ‘వద్దులెండి’ అని నడిచాను. “నో వర్రీస్ మేట్, హావ్ ఎ గుడ్ ఆర్వో!” అని వినిపించింది (ఆర్వో అంటే అక్కడివాళ్ళ ఆఫ్టర్‌నూన్). తర్వాత ఏమీ వినిపించలేదు. ఆగి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. చివరికి కారే వచ్చేసింది.

“ఏమైందయ్యా?”

“పిలవడం లేదంకుల్.”

“ఇక్కడ పిలవరయ్యా. వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు.”

ఆయనే దిగి వెళ్ళారు, దాచాల్సిన మొహాన్ని ఏమాత్రం దాచకుండా. పర్సులోంచి బీరువా ఫోటో తీసి ఆ ఖాళీ చోటు చూపించడం నాకు కార్లోంచి కనపడింది. చాలాసేపు రెండు తెల్లతలలు ఆ ఫోటో మీదే వంగి ఉన్నాయి. అంకుల్ ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

“అమ్మడట. నిజమైనదని తెలిశాక మనసొప్పడం లేదట. సండే తనే తెచ్చి పెడతాడట, సాయంత్రం తీసుకెళ్తాడట.”

ఆదివారం తాత దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి, నీలం గుడ్డ మీద స్వయంగా పెట్టాడు. అది ఒరిగింది. అంకుల్ కింద అట్టముక్క పెట్టబోతే, “ఉండనీ, అలా ఉంటేనే నిజమైంది” అన్నాడు. ఆ రోజంతా వచ్చినవాళ్ళకు వంకర అడుగూ, సగం పూతా, వేలిముద్రా చూపించాడు. వరస కూడా నాదే. సాయంత్రం తువ్వాలు పట్టుకుని బీరువా ముందు నిలబడి, కాసేపటికి దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. “దీని చోటు ఇదే. నేనే వచ్చి చూసుకుంటాలే.” నేను క్లేటన్ వదిలేదాకా అలాగే వచ్చి చూసుకునేవాడు. ఆంటీ కాఫీ కూడా అలవాటు చేసుకున్నాడు.

ఇప్పుడు మేముండే రౌస్ హిల్‌లో సోఫా కొనడానికి వెళ్తే, నేను మొహం చిట్లించకముందే మా అమ్మాయి “డాడ్, ప్లీజ్, నాట్ హియర్” అంటుంది. నోరు మూసుకుంటాను. కానీ కొనకుండా బయటికొచ్చేటప్పుడు నా నడక ఇప్పటికీ కాస్త నెమ్మదిస్తుంది. ఎవరైనా పిలుస్తారేమోనని.