మా వదిన చుక్కలు నా కళ్ళలో పడిన వైనం

మొన్న అమలాపురంలో ఓ నర్సమ్మాయి ఉద్యోగం నిలబెట్టేనండి. అదీ కళ్ళు కనపడకుండా.

బండారులంకలో ఉండే మా సత్యవతి వదినకి శుక్లం ముదిరిందేమో చూపిద్దామని కళ్ళాసుపత్రికి తీసికెళ్ళేను. ఆవిడ బాత్రూముకి వెళ్తే, సీటు పోకుండా అందులో నేను కూర్చున్నాను. హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని, పక్కన నలుగురుంటే నోరు కట్టుకుంటానా? వరదల్లో పడవ మీద పురుడు పోసిన సంగతి ఎత్తుకున్నాను. ఓ చేతిలో లాంతరు, ఓ చేతిలో బిడ్డ, పళ్ళ మధ్య పడవ తాడు. గోదారి కూడా కాసేపు ఆగి చూసిందంటే నమ్మాలి మీరు.

సరిగ్గా అప్పుడే మణి అని, కొత్తగా చేరిన నర్సమ్మాయి వచ్చి, "సత్యవతిగారేనాండీ?" అంది.

"ఆయ్," అన్నాను. నా కథలో బిడ్డ ఇంకా ఏడవలేదు మరి.

కళ్ళజోడు తియ్యమంది, తీసేను. తల వెనక్కి వాల్చమంది, వాల్చేను. రెండు కళ్ళలోనూ చుక్కలు పడ్డాకగానీ నేను గోదాట్లోంచి గట్టెక్కలేదు. ఈలోగా వదిన వచ్చింది.

"నా మందు నువ్వేయించుకున్నావేంటి వదినా?"

ప్రమాదం లేని చుక్కలేలెండి. కంటిపాప పెద్దదై కాసేపు మసకేస్తుంది, అంతే. కానీ సంగతి లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ మణిని పిలిచి, రేపట్నించి రానక్కర్లేదన్నారట. పిల్ల ఏడుస్తూ బయటికొచ్చింది. వాళ్ళిల్లు గడిచేది ఆ జీతం మీదేనట.

చర్రున లేచేను. లోకమంతా పొగమంచు. గోడ తడుముకుంటూ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, ఎదురుగా తెల్లగా నిలబడ్డావిడ మొహమ్మీదే అందుకున్నాను.

"తప్పు పిల్లది కాదండి, అడిగే పద్ధతిది. మన కోనసీమలో ఫలానా మీరేనా అంటే ఎవరైనా ముందు ఆయ్ అంటారు, తర్వాత ఆలోచిస్తారు. కాదనడం మర్యాద కాదని పెరిగినవాళ్ళం. అంచేత పేరు మనం చెప్పకూడదు. మీ పేరేంటండీ అని పేషెంటుచేతే చెప్పించాలి. ఆ ముక్క ఈ పిల్లకి మీలో ఎవరు నేర్పేరు? దీన్ని పంపేస్తే నన్నూ పంపెయ్యండి. నాకిక్కడ ఉద్యోగం లేదన్నది తర్వాత సంగతి."

కిక్కురుమనలేదు. గెలిచేననుకుని ఇంకాస్త పెంచేను. చేతులు కడుక్కోవడం, వేసిన మందు వేసినట్టు అప్పుడే రాసిపెట్టడం, డ్యూటీ ఎక్కేముందు కడుపునిండా తినడం... ఖాళీ కడుపు నర్సుకి కోపమొక్కటే కరెక్టుగా పనిచేస్తుందని కూడా చెప్పేను.

అప్పుడు నా వెనకనుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"సిస్టరుగారూ, నేను ఇటున్నానండి. అది గోడకి తగిలించిన నా కోటు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడిపోయేరు. మణి ఉద్యోగం నిలిచింది. పేరు అడిగే పద్ధతి మిగతా నర్సులకి మణిచేతే చెప్పిస్తానన్నారు కూడా.

వదిన ఊరంతా చెప్పుకుని నవ్వుతోంది. నవ్వనివ్వండి. నా సర్వీసు మొత్తమ్మీద, మధ్యలో అడ్డు తగలకుండా నా మాట చివరిదాకా విన్న డాక్టరు ఆ కోటు ఒక్కటేనండి.