చాట లేని పరీక్ష

అనసూర్య చేతులు ఖాళీగా ఉండగా ఆ గల్లీలో ఎవరూ చూడలేదు. పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు చేతిలో పెట్టిన తమలపాకును కూడా తెలియకుండానే బీడీలా చుట్టేసిందని, అది చూసి పంతులు మంత్రం మరిచిపోయాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

సిరిసిల్లలో వాళ్లుండే గల్లీ అంతా పద్మశాలీలే. నడుమ నడుమ తురకల ఇళ్లు నాలుగైదు. మగవాళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తారు. ఆడవాళ్లు బీడీలు చేస్తారు. అనసూర్య ఏడో తరగతిలో ఉండగా వాళ్లవ్వకు, అంటే తల్లికి, కళ్లు మసకబారాయి. దారం ముడి కనిపించడం మానేసింది. ఇల్లు గడవాలి కదా! బడిసంచి భుజం దిగింది, చాట ఒళ్లోకి ఎక్కింది. బియ్యం చెరిగే చాటే. అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. ఆ ఎక్కిన చాట మళ్లీ దిగలేదు. పర్శరాములుకు పెళ్లామైంది, పిల్లల తల్లైంది, చాట మాత్రం ఒళ్లోనే ఉంది.

ముప్పై దాటాక దగ్గు మొదలైంది. మిరియాల కషాయం తాగింది, తమలపాకులో వాము పెట్టి నమిలింది. తగ్గలేదు. బస్తీ దవాఖానకు పోతే నర్సు భవ్యశ్రీ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"అక్కా, గీ తంబాకు ఇడిసిపెట్టాలె నువ్వు."

"ఇడిసిపెట్టి ఏం జెయ్యాలె సిస్టరూ? ఇంకో పని నాకేం వస్తది?"

భవ్యశ్రీ గొట్టం మెడకు తగిలించుకుంది. "మన వార్డుల ఆశా పని ఖాళీగున్నది. ఇంటింటికి తిరిగి బాలింతలను, పసిపిల్లలను అరుసుకునే పని. నువ్వైతే నలుగురిట్ల మాట్లాడగలుగుతవు. గని పది పాసైండాలె. ఓపెన్ స్కూల్ల రాయరాదు? రోజు బడికి పోయేదుండదు. ఐతారం ఐతారం క్లాసులు."

ఆ మాట అనసూర్య చెవిలో సాంచా చప్పుడులా మోగుతూనే ఉంది. రాత్రి అన్నం దగ్గర మొగుడితో చెప్పింది.

"గిప్పుడు పదో తరగతా?" పర్శరాములు ముద్ద ఆపాడు. "గల్లీల నవ్వరానె?"

"నవ్వితె నవ్వనియ్యి. దగ్గేది నేను గద."

ఆయన ఆపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత మాత్రం సాంచా మీద మిగిలిన తెల్లగుడ్డతో పుస్తకాల సంచి కుట్టించి తెచ్చి, ఏమీ తెలియనట్టు దండెం మీద వేసి పోయాడు.

సంచి వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. చదివే తీరికేది? పొద్దున ఆకు కత్తిరించడంతో మొదలైతే దీపాలు పెట్టేదాకా చుట్టడమే. ఆదివారం క్లాసులకు పోదామంటే సగం ఆదివారాలు ఆకు తడిసి కూర్చునేది. చుట్టడానికి తడిపిన ఆకును ఆ రోజే చుట్టెయ్యాలి, అది ఎవరి కోసమూ ఆగదు.

దారి చూపింది కొమురవ్వ.

కొమురవ్వ ఆ గల్లీకి పెద్దదిక్కు. ఎవరింట్లో ఏం కూర ఉడుకుతుందో మూత తియ్యకుండా చెప్పగలదు. వండినామెను "ఉప్పు తక్కువేసినవేమే" అని అడగనూ గలదు. ఆమె అరుగు మీదే ఆడవాళ్లంతా గుంపుగా కూర్చుని బీడీలు చేస్తారు. ఆ అరుగుకు ఒక కాయిదా ఉంది. కథ చెప్పే మనిషికి చెయ్యి మందగిస్తుంది కాబట్టి, వినేవాళ్లు తలా ఒక బీడీకట్ట ఆమె చాటలో వెయ్యాలి. కథా ఆగదు, చెప్పినామె పనీ ఆగదు. కొమురవ్వ ఏళ్ల తరబడి రాకుమార్తెల కథలు, దయ్యాల కథలు, పక్కింటి కథలు చెప్పి చాట నింపుకుంది.

అనసూర్య గోడు విని కొమురవ్వ చెంగు దులుపుకుంది. "నా కథలు మీరు ఎన్నడో నమిలి మింగిన్రు. ఇగ గీ పుస్తకంల కథలే చెప్పుకుందాం. మంజులా, నువ్వు చదువు. మేం నీ చాట నింపుతం."

మంజుల కొమురవ్వ కోడలు. హుస్నాబాద్ పిల్ల. ఇంటర్ చదివింది.

"నాకు చదువుడే వస్తదత్తా, చుట్టుడు ఇంకా సరిగ రాలే," అంది సిగ్గుపడుతూ.

"అందుకే చదువుమంటున్న. నువ్వు చుట్టిన బీడీని చూస్తె లోపలున్న తంబాకుకే ఏడుపొస్తది."

అట్లా మొదలైంది. సాంచాల టకటకల మీదుగా గొంతు లేపి మంజుల పాఠం చదివేది. అనసూర్యకు నేర్పుతున్నామని అనుకున్నారు గానీ, చెవులున్నవాళ్లంతా నేర్చుకోవడం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు కొమురవ్వవే.

"గా రాజుకు పెండ్లాలు ఎంతమందే?"

"పుస్తకంల రాయలేదత్తా."

"మరి గిదేం పుస్తకం!"

పక్కింటి అజ్రా నవ్వు ఆపుకోలేకపోయింది. "పెద్దమ్మా, గది పరీక్షల అడగరు."

"అడగాలె. ఇంట్ల సంగతి తెల్వకుంటె రాజ్యం సంగతి ఏం తెలుస్తది?"

ఒకనాడు ఊపిరితిత్తుల పాఠం వచ్చింది. లోపల ద్రాక్షగుత్తుల్లాంటి చిన్న చిన్న గాలి గదులుంటాయని మంజుల చదివింది. అజ్రా కత్తెర పక్కన పెట్టింది.

"జర ఆగు మంజులా. గా గదులల్లకు మన తంబాకు దుమ్ము పోతె, మల్ల బయటికి ఎట్ల వస్తది?"

మంజుల ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. "గది గిండ్ల లేదు వదినా."

సాంచాలు కొట్టుకుంటున్నాయి. అప్పుడే అనసూర్య దగ్గింది. రోజూ దగ్గే దగ్గే. ఆ రోజు మాత్రం అందరూ విన్నారు. కొమురవ్వకూ దగ్గు గొంతు దాకా వచ్చింది. ఆమె దాన్ని బలవంతంగా మింగి, "పోలమారిందే, ఎవరో తలుచుకుంటున్నరు," అని నీళ్లు తాగింది. అనసూర్య అది చూసింది. చూసి, చూడనట్టు దారం ముడి వేసింది.

చలికాలం గడిచేసరికి అనసూర్యకు పుస్తకాలన్నీ నోటికి వచ్చాయి. మంజుల ప్రశ్న అడిగితే ఆకులో తంబాకు నింపుతూ మొదలుపెట్టి, దారం ముడి పడేసరికి జవాబు ముగించేది. అరుగంతా మురిసిపోయింది. అజ్రా అయితే "అక్కా, నువ్వు పాసైతె నేను ఖీర్ చేస్త, పెద్దమ్మ చక్కెర తక్కువన్నదంటె మాత్రం గిన్నె గుంజుకుంట," అని ముందే చెప్పింది.

మొదటి పరీక్ష సాంఘికం.

బడి ఊరి చివర ఉంది. సాంచాల చప్పుడు అక్కడిదాకా రాదు. అనసూర్య బెంచీ మీద కూర్చుని ప్రశ్నపత్రం చూసుకుంది. గోదావరి ఉపనదులు రాయమన్నారు. 'అయ్యో, ఇదా!' అనుకుంది. కలం పట్టుకుంది. ఏదీ రాలేదు. ఒళ్లోకి చూసుకుంది. అక్కడ చాట లేదు. చుట్టూ అలవాటు లేని నిశ్శబ్దం. చేతులు ఎవరివో తెచ్చి తగిలించినట్టున్నాయి. ఊరి పక్కనుంచి పారే మానేరు పేరు కూడా నాలుక మీదికి రాలేదు. ఏవో నాలుగు ముక్కలు గీకి, మిగతా కాగితం తెల్లగానే ఇచ్చి వచ్చింది.

అరుగు మీద అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఏమే, మంచిగ రాసినవా?" అడిగింది కొమురవ్వ.

"యాదికి రాలే పెద్దమ్మా. ఒక్కటి గూడ రాలే." కొంగు నోట్లో కుక్కుకుంది అనసూర్య.

"రాకుండ ఎట్లుంటదే? మొన్న గడగడ చెప్తివి గద! ఏమడిగిన్రు?"

"గోదావరిల కలిసే నదులు."

కొమురవ్వ ఆమె ఖాళీ చేతుల వైపు చూసింది. తన ఒళ్లోని చాట తీసి అనసూర్య ఒళ్లో పెట్టింది. "ఇగ చుట్టు."

అనసూర్య కళ్లు తుడుచుకుని ఆకు తీసుకుంది. తంబాకు నింపింది. ఆకు మడత పడిందో లేదో, "మంజీర, మానేరు, ప్రాణహిత, ఇంద్రావతి..." నోరు దానంతట అదే కదిలింది. అజ్రా "యా అల్లా!" అని చెంప మీద చెయ్యి వేసుకుంది. మంజుల నెత్తి కొట్టుకుంది.

"తప్పు నీది గాదక్కా, మనందరిది. చలికాలమంత నీతోని చెప్పిచ్చినం. పని ఆగుతదని ఒక్కనాడు గూడ చేతికి పెన్నియ్యలే. నువ్వు నేర్చిందంత గీ చాటల్నే ఉండిపాయె."

"అయితె రేపు చాట పట్టుకపొమ్మందాం," అంది కొమురవ్వ.

"రానిస్తరా పెద్దమ్మా!" అజ్రా కసిరి, అనసూర్య చీర కొంగు చేతిలోకి తీసుకుంది. కొసను ఆకులా మడిచి చూపింది. "గిది రానిస్తరు గద? ఎడమ చేత్తోని చుట్టు, కుడి చేత్తోని రాయి."

ఆ సాయంత్రమంతా అదే సాధన. అందరూ బీడీలు చుడుతుంటే అనసూర్య కొంగు చుట్టింది.

రెండో పరీక్ష సైన్సు. ఊపిరితిత్తుల ప్రశ్న వచ్చింది. అనసూర్య ఎడమ చెయ్యి బెంచీ కిందికి దించింది. కొంగు కొస మడత పడింది, గాలి గదులు వచ్చాయి. ఇంకో మడత, ద్రాక్షగుత్తులు వచ్చాయి. కలం సాగింది. అంతలో నీడ ఒకటి కాగితం మీద పడింది. కాపలా సారు.

"చేతిల ఏమున్నదమ్మా? చిట్టీ తియ్యి."

"చిట్టీ లేదు సార్."

"మరి కింద ఏం జేస్తున్నవ్? చెయ్యి తెరువు."

అనసూర్య చెయ్యి తెరిచింది. చెమటకు తడిసి నలిగిన కొంగు కొస. సారు దాన్ని విప్పి చూశాడు, మడతలు విదిలించి చూశాడు. బట్ట తప్ప ఏమీ లేదు.

"ఏందమ్మా ఇది?"

"బీడీ సార్."

గదిలో నవ్వులు. సారు "సైలెన్స్" అని గట్టిగా అని, కొంగు ఆమె చేతిలో పెట్టేశాడు. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగాడు. "బెంచి మీద పెట్టి చుట్టుకో. నాకు కనిపించాలె."

ఫలితాలు మంజుల ఫోన్లో చూశారు. అన్నీ పాస్. సాంఘికం ఒక్కటి పోయింది. మళ్లీ రాయాలంటే వానలు తగ్గేదాకా ఆగాలి. అనసూర్య భవ్యశ్రీ దగ్గరికి పోయింది.

"నా చేతిల ఉంటె ఆపుదునక్కా. గిది నా చేతిల లేదు," అంది భవ్యశ్రీ. "పాసైనోళ్లు ఎవలన్న ముందొస్తె ఆళ్లకే ఇస్తరు. ఉంటె ఉంటది, పోతె పోతది."

అనసూర్య తిరిగి వస్తూ దారంతా ఒకటే ఆలోచించింది. కొంగు పట్టుకుని ఎన్నాళ్లు? రేపు ఎవరింటి ముందో నిలబడి పసిపిల్లను ఎత్తుకుని మాట చెప్పాలంటే, అప్పుడూ ఏదో ఒకటి చుడుతూ ఉండాలా? తెలిసిన సంగతి చేతుల్లోంచి తలలోకి ఎక్కకపోతే అది ఎవరి సొత్తు? తనదా, చాటదా?

మర్నాడు అరుగు మీదికి చాటతో పాటు పలక కూడా తెచ్చింది. చాట పక్కన పెట్టి, పలక ఒళ్లో పెట్టుకుని రాయడానికి కూర్చుంది. పసిపిల్లకు పాలు మాన్పించినట్టే అయింది. ఎడమ చెయ్యి ఊరికే వెతుక్కునేది. మొదట్లో కొంగు ఇచ్చింది. తర్వాత చిన్న రాయి. ఆ తర్వాత ఏమీ ఇవ్వలేదు. రాసింది తుడిచి, తుడిచింది మళ్లీ రాసింది. ఒక పొద్దున కొమురవ్వ బీడీకట్ట ఒకటి అనసూర్య చాటలో పడేసింది.

"నాకెందుకు పెద్దమ్మా? చదివేది మంజుల గద."

"నోటితోని చెప్పినా, చేత్తోని రాసినా, చాట ఆగినోళ్ల చాట నింపాలె. గదే మన కాయిదా."

వెంటనే అజ్రా కట్ట పడింది. ఆ వెనుక ఇంకొకటి.

వానలు తగ్గాక అనసూర్య సాంఘికం మళ్లీ రాసింది. ఈసారి రెండు చేతులూ బెంచీ మీదే ఉన్నాయి. పాసైంది. ఆశా పని ఇంకా ఖాళీగానే ఉంది. నడుమ ఇద్దరు వచ్చారట, ఇంటింటికీ తిరగడం తమ వల్ల కాదని పోయారట. అజ్రా ఖీర్ చేసింది. కొమురవ్వ చక్కెర సంగతి ఎత్తలేదు గానీ, జీడిపప్పు ఎక్కడ దొరికిందని అడిగింది.

పని మొదలైన వారంలోనే అనసూర్య ఆ అరుగు ముందుకు వచ్చి నిలబడింది. తంబాకు కలిపేటప్పుడు ముక్కుకు బట్ట కట్టుకోవాలని, పసిపిల్లలను చాట దగ్గర పండబెట్టొద్దని చెప్పడం మొదలుపెట్టింది. అందరూ కథ విన్నట్టే విన్నారు. కొమురవ్వ చెయ్యి అలవాటు కొద్దీ కదిలింది. బీడీకట్ట ఒకటి అనసూర్య వైపు ఎగిరి, పట్టుకునే చాట లేక, ఆమె కాళ్ల దగ్గర పడింది.

"పెద్దమ్మా, ఆమెకు చాట ఏడున్నది ఇగ?" అంది అజ్రా.

అనసూర్య వంగి కట్ట తీసుకుంది. బిగువుగా ఉందో లేదో వేళ్లు వాటంతట అవే నొక్కి చూశాయి. దాన్ని తిరిగి కొమురవ్వ చాటలో పెట్టి, తాను ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది.

"పెద్దమ్మా, నీకు గా పోలమారుడు ఎన్నడి సంది ఉన్నది?"

కొమురవ్వ దారం ముడి మధ్యలోనే ఆగిపోయింది. ఊళ్లో అందరినీ ప్రశ్నలు అడిగే మనిషి. ఆమెను అడిగినవాళ్లు లేరు.

"గదా?" అంది. "గది పెద్ద కథనే బిడ్డా. నీకు తీరికున్నదా?"

"చెప్పు పెద్దమ్మా. నా చేతులు ఖాళీగనే ఉన్నయి."