గోడ మీద కత్తెర బొమ్మ

మా వీధి దర్జీ పెద్దమ్మ నీళ్ల బిందెతో ఆ గోడ పక్కకు వచ్చిందంటే, కొంగు తడిపి రుద్దకుండా కదిలేది కాదు. అది ఆమె అంగడి గోడే. దర్జీ పని చేసే మొగుడు పోయాక, కర్నూలు రాజధాని అయినప్పుడు, ఏదో ఆఫీసుకు బాడుగకిచ్చింది. ఆయన తన చేత్తో రాసుకున్న పేరు మీద, వేసుకున్న కత్తెర బొమ్మ మీద వాళ్లు సున్నం కొట్టించారు. అప్పటినుంచి ఆమెకు నిలకడ లేదు. బంట్రోతు కసిరినా వినేది కాదు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. మళ్లీ సున్నం కొట్టేవాళ్లు లేక, రెండు వానలకు పేరూ కత్తెరా పైకి తేలాయి. పెద్దమ్మ సంబరం నాలుగు రోజులు కూడా నిలవలేదు. సంతకొచ్చిన పల్లె జనం కత్తెర చూసి, అంగడి మళ్లీ తెరిచారనుకుని, చంకలో గుడ్డలతో తలుపు కొట్టేవాళ్లు.

“దర్జీ యాడమ్మా?”

చనిపోయాడని ప్రతి ఒక్కరికీ ఆమే చెప్పాలి.

“ఇంగ నా వల్ల కాదప్పా, సున్నం పూసెయ్” అంది నాతో ఒకరోజు. పూశాను.

కుంచె కడుక్కుని వచ్చేసరికి, కొంగు తడిపి గోడ తుడుస్తా ఉంది.

“బిరీన రాప్పా” అంది, తిరిగి చూడకుండానే. “సున్నం ఇంకా పచ్చిగానే ఉండాది.”