పన్ను ఊడినా ఆగని మాట

మాది సిరిసిల్ల. బట్ట నేసే సాంచల షెడ్డుల నూలు కండెలు చుడుత. పోయిన ఎండకాలం నా ముందటి పన్ను సగం విరిగితే కరీంనగర్ల పండ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిన. ఆమె పన్నును అరగదీసి, నోట్ల మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసుకున్నది. పన్ను మీద తొడుగు పెట్టి, "అసలు క్యాపు వచ్చేదాక గీ టెంపరరీ క్యాపుతోని జర పైలంగ ఉండు" అన్నది.

తెల్లారి కండెలు చుట్టే ఆడోళ్లమంత షెడ్డు ఓనరు సేటు దగ్గరికి పోయినం. షెడ్డుల మాకు పాయఖానా లేదు. అందుకే పొద్దంత నీళ్లు తాగకుంట పనిచేసేటోళ్లం. అందరి తరఫున మాట్లాడేది నేనే.

"సేటూ, మాకు పాయఖానా కట్టియ్యాలె" అని గట్టిగ అన్ననో లేదో, క్యాపు ఎగిరి ఆయన చాయ్ గిలాసల పడ్డది. సాంచలు నడిపే మొగోళ్లంత పక్కున నవ్విండ్రు. సిగ్గుతోని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న.

సేటు గిలాస పక్కకు నెట్టి, "ముందుగాల పన్ను పెట్టిచ్చుకొని రా, తర్వాత మాట్లాడుదాం" అన్నడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. చెయ్యి తీసేసిన.

"పన్ను ఊడింది గని నాలుక ఊడలే సేటూ! పాయఖానా కట్టేదాక కండెలు చుట్టేది లేదు."

పన్ను సందులకెల్లి గాలి తుస్సుమంటున్నా ఆపలే. నా ఎనుక నిలబడ్డ రాజవ్వ "లేదంటే లేదు!" అన్నది. ఆమె ఎంట అందరన్నరు. బయటికొచ్చి గోడ నీడకు కూసున్నం.

కండెలు లేక మధ్యాహ్నానికే సాంచలు ఆగినయి. మాపటికి సేటే బయటికొచ్చి, "మేస్త్రీని పిలిపిస్త, లేవుండ్రి" అన్నడు. అన్నట్టే కట్టిచ్చిండు.

ఇజ్జత్ పోయిందని ఆ పొద్దు నోరు మూసుకొని ఇంటికి పోతే, నిజంగ అప్పుడే పోతుండె.

– సత్తవ్వ, సిరిసిల్ల